పొడుగు మాట – ముక్కలు ముక్కలుగా

పొడుగు మాట కనబడితే బెదరకండి. కట్టెల మోపు మొత్తం ఒక్కసారే పొయ్యిలో పెట్టరు. ఒక్కొక్క కట్టె తీసి పెడతారు. మాట చదవడం కూడా అంతే.

ఈ మాట చూడండి: రిజిస్ట్రేషన్.

ఇది ఇంగ్లీషు మాట. పొలం, ఇల్లు కాగితాలు రాయించే ఆఫీసు బోర్డు మీద ఉంటుంది. ముక్కలు చేసి చదవండి.

రి – జిస్ – ట్రే – షన్

నాలుగు ముక్కలు. ముక్కకు ఒకసారి చెయ్యి చరచండి. ప్రతి ముక్కలో ఒక్క అచ్చు శబ్దమే ఉంటుంది. 'రి'లో ఇ. 'ట్రే'లో ఏ. 'స్' పొల్లు అక్షరం. దానికి అచ్చు లేదు. అందుకే అది ఒంటరిగా నిలవదు. పక్క ముక్కతో కలుస్తుంది.

నొక్కి పలికే ముక్క

తెలుగులో అన్ని అక్షరాలనూ ఇంచుమించు ఒకే బలంతో పలుకుతారు. ఇంగ్లీషులో అట్లా కాదు. ఒక ముక్కను నొక్కి పలుకుతారు. ఆ నొక్కునే 'ఊనిక' అంటారు. మిగతా ముక్కలను తేలిగ్గా, సగం మింగినట్టు పలుకుతారు. అందుకే తెలిసిన మాట కూడా ఇంగ్లీషు మాట్లాడేవారి నోట కొత్తగా వినబడుతుంది.

హాస్ – పి – టల్: ఊనిక 'హాస్' మీద.
సర్ – టి – ఫి – కెట్: ఊనిక 'టి' మీద.
ఎక్స్ – పై – రీ: ఊనిక 'పై' మీద.

ఎక్స్‌పైరీ అంటే మందు గడువు. గడువు దాటిన మందు వాడకూడదు. మందు అట్ట మీద అది ఇంగ్లీషులో ఉంటే, షాపులో గట్టిగా అడగండి: "అన్నా, దీని ఎక్స్‌పైరీ ఎప్పటిదాకా ఉంది?"

ఒక సులువు

మాట చివర 'షన్' వస్తే, దానికి ముందున్న ముక్క మీదే ఊనిక.

పెన్ – షన్: 'పెన్'
ఎ – లెక్ – షన్: 'లెక్'
ఆ – ప – రే – షన్: 'రే'

తెలుగు మాటల మధ్య ఇవి ఊనిక లేకుండా పలికితే తప్పేమీ లేదు. కానీ ఊనిక తెలిస్తే, ఎదుటివారు గబగబా అన్నా మాట చెవిలోంచి జారిపోదు.

ఒకప్పుడు చదవలేక ఏ కాగితమైనా వేలిముద్ర వేసి ఇచ్చేవారు. ఇప్పుడు పొడుగు మాటను విడగొట్టి చదవవచ్చు. అర్థం కాకపోతే అడగవచ్చు. తెలిశాకే సంతకం చేయవచ్చు.

చేయండి

ఈ మాటలను ముక్కలు చేసి రాయండి. ఊనిక ఉన్న ముక్క కింద గీత గీయండి.

స్టేషన్, ఇన్‌ఫెక్షన్, అప్లికేషన్