వ్రాయవలెనను తలపు – శరణుల అంకితము నేర్పు పాఠము





“నాకును ఏదైన వ్రాయవలెనని యున్నది. కాని వ్రాయుటకు నేనెంతవాడను?” అను మాట మన యిండ్లలో తరచుగ వినబడుచుండును. ఈ మాటలో ఒక కోరికయు, ఒక సంకోచమును కలిసియున్నవి. కోరిక యెచ్చటనుండి పుట్టినదో తెలిసికొన్నచో సంకోచమునకు తావున్నదో లేదో తేటపడును. ఈ పాఠమున ఆ విచారణ చేయుదము.

మానవుడు వ్రాయుటకు కారణములు పెక్కులు. దూరము పోనక్కరలేదు, మన ప్రాంత చరిత్రయే ఇందుకు సాక్షి. వేములవాడ చాళుక్యుల ఆస్థానమున పంపకవి 10వ శతాబ్దమున కన్నడమున విక్రమార్జున విజయమును రచించి, తన ప్రభువగు రెండవ అరికేసరిని అర్జునునితో సమానునిగ నిలిపెను. ఆ కావ్యమునకు మూలము ప్రభుభక్తి. పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల సమీపమున బొమ్మలగుట్టపై శాసనము వేయించి, సంస్కృత కన్నడాంధ్ర భాషలలో అన్నగారి కీర్తిని రాతిపై నిలిపెను. అందలి తెలుగు కందములు మనకు లభించిన ప్రాచీన పద్యములలో ముఖ్యమైనవి. ఆ శాసనమునకు మూలము సోదరప్రేమ. ఇక నేటి మన జగిత్యాల జిల్లాలోని ధర్మపురియందు నివసించిన శేషప్పకవి, నరసింహ శతకారంభముననే తాను గణయతిప్రాసలు ఎరుగననియు, కావ్యములు, శాస్త్రములు చదువలేదనియు, ఈ ప్రజ్ఞ తనది కాదనియు స్వామికి విన్నవించుకొనెను. ఆయన పద్యములకు మూలము దైవభక్తి. చదువు చాలదన్న సంకోచము ఆ కవికి అడ్డురాలేదు. ఆ సంకోచమునే ఆయన పద్యముగ మలచెను.

ఇక మన శరణుల సంగతి చూతము. 12వ శతాబ్దమున కల్యాణమున వచనములు వెలయించినవారు కేవలము పండితులు కారు. పడవ నడపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య మొదలగు కాయకజీవులు వారిలో నున్నారు. ముప్పదిమందికి పైగ స్త్రీలును వచనములు చెప్పిరి. వచనమనగా పలుకబడినది. నిత్యము నోట పలుకు భాషయే వారికి సాధనము. కనుక “నేనెంతవాడను?” అను ప్రశ్నకు వారి జీవితమే సమాధానము: కాయకము చేయు ప్రతివానికి చెప్పదగిన అనుభవము కలదు.

అయితే అనుభవము కలిగినంతనే మాట శుద్ధమగునా? ఇచ్చట అంకితమును గమనింపవలెను. కావ్యమును రాజునకో ధనికునకో ఇచ్చుటను మనము అంకితమందుము. శరణుల వచనాంకితము వేరు. వచనము చివర పలుకువాడు తన యిష్టదైవమును పేరుపెట్టి పిలుచును. బసవేశ్వరునకు కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి చెన్నమల్లికార్జునుడు. అనగా ఆ మాట వినువాడు లింగయ్య. లోకులయెదుట గొప్పలు చెప్పుకొనవచ్చును, లోపములు దాచుకొనవచ్చును. అరచేతనున్న లింగమునెదుట అది సాగదు. బిజ్జలుని కొలువున ఉన్నత పదవియందున్న బసవేశ్వరుడు తన మనస్సు చపలత్వమును వచనములలో దాచక చెప్పుకొనుటకు కారణమిదియే.

ఆయ్దక్కి లక్కమ్మ కథ ఇందుకు చక్కని ఉదాహరణము. ఆమె భర్త మారయ్య కాయకము నేలరాలిన బియ్యము ఏరుట. ఒకనాడు ఆయన అలవాటునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ అది ఆశ యని గుర్తించి, అక్కరకు మించినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మనెను. ఆమె వచనములకు పుట్టినిల్లు ఈ వంటింటి వివేకమే. ఆమె అంకితము ‘మారయ్యప్రియ అమరేశ్వరలింగ’. భర్తను మందలించిన ఆ యిల్లాలు, ఆ భర్త పేరునే తన దైవనామముతో జతపరచెను. మందలింపునకు మూలము ద్వేషము కాదని ఆ యంకితమే చెప్పుచున్నది.

పాల్కురికి సోమనాథుడు మరియొక కారణము చూపినాడు. భక్తులవలన విన్న బసవ కథలు అందరికి అందవలెనని ద్విపదను, జానుతెనుగును ఎంచుకొని బసవపురాణమును రచించెను. వినువారిపై ప్రేమ ఆయన కలమును నడిపెను. ఆ గ్రంథమే 1369లో భీమకవి చేత కన్నడమున వెలసెను.

వ్రాయకున్న కలుగు నష్టమును కూడ తలపవలెను. కల్యాణ విప్లవానంతరము శరణులు చెదరిపోగా తాళపత్రములు మఠములలో, ఇండ్లలో మిగిలినవి. ఫ. గు. హళకట్టి (1880–1964) ఊరూర తిరిగి వానిని సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. ముద్రణాలయము కొరకు స్వగృహమునే అమ్ముకొనెను.

మన కోరుట్ల, మెట్‌పల్లి పల్లెలనుండి 1970ల తరువాత గల్ఫునకు పోయిన బిడ్డలకు అక్షరమురాని తల్లులు ప్రక్కింటివారిచేత ఉత్తరములు వ్రాయించిరి. బీడీలు చుట్టుచు సంసారము ఈదిన యిల్లాండ్రు ఎందరో కలరు. నేడు ఫోనులో మాటాడుట సులభమైనది, ఆ మాట గాలిలో కలిసిపోవుచున్నది. ఆ తల్లుల కాయకానుభవమును, వారు పాడు తత్త్వములను మనము వ్రాసి యుంచనిచో, రేపు వెదకుటకు హళకట్టివంటివారు వచ్చినను వారికి దొరకునది యేమున్నది?

కనుక పేరు కొరకు వ్రాయవలెనను కోరిక కలిగిన వెంటనే కలము పారవేయనక్కరలేదు. దుఃఖము తీరుటకు వ్రాయుటయు దోషము కాదు. వ్రాసినదానిని ఇష్టలింగమునెదుట ఒకమారు చదువుకొనుడు. అచ్చట చదువ సిగ్గుపడిన వాక్యమును కొట్టివేయుడు. మిగిలినదే మీ వచనము.

మననము చేయదగిన ప్రశ్నలు:
1. నాకు వ్రాయవలెనను తలపు ఎవరిని ఉద్దేశించి కలుగుచున్నది?
2. నా కాయకము నాకు నేర్పినదేమి? దానిని నిత్యము పలుకు మాటలలో చెప్పగలనా?
3. మా యింటి పెద్దలలో ఎవరి పాటను, ఎవరి మాటను ఈ మాసములో వ్రాసి యుంచగలను?

శరణు శరణార్థి.