హిప్నాసిస్‌తో నిద్ర పడుతుందా?

సెకండ్ సెమ్‌లో నాకు దాదాపు నాలుగు నెలలు సరిగ్గా నిద్ర లేదు. రూమ్‌లో అందరూ పడుకుంటే నేను ఫ్యాను వైపు చూస్తూ ఉండేవాణ్ణి. ఒక రూమ్మేట్ హిప్నాసిస్ ఆడియో పంపాడు. "ఏంట్రా, సినిమాల్లోలా గొలుసు ఊపుతారా?" అని నవ్వాను. చదివితే విషయం వేరేగా ఉంది.

ఆ మాట గ్రీకుల నిద్రదేవుడు హిప్నాస్ పేరు నుంచి వచ్చింది. 1840లలో మాంచెస్టర్‌లో ఉన్న జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లాండ్ సర్జన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తమాషా ఏంటంటే, ఇది నిద్ర కాదని తర్వాత ఆయనకే అర్థమై పేరు మార్చాలని చూశాడు. కుదరలేదు. (వేరియబుల్‌కి తప్పు పేరు పెట్టి వంద చోట్ల వాడేశాక మనం మార్చగలమా?) హిప్నాసిస్‌లో ఉన్న మనిషికి ఈఈజీ తీస్తే మెదడు మెలకువగానే కనిపిస్తుంది. ధ్యాస మాత్రం ఒక్కచోట నిలిచి ఉంటుంది.

మరి నిద్రకి ఎలా పనికొస్తుంది? వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలాగే సాగితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అందులో "ఇవాళ కూడా పట్టదేమో" అన్న భయమే మనల్ని మేల్కొలిపి ఉంచుతుంది. ధ్యాసని ఆ భయం నుంచి పక్కకి మళ్ళించడమే ఇక్కడ హిప్నాసిస్ చేసే పని.

2014లో స్విట్జర్లాండ్ పరిశోధకుల స్టడీ ఒకటి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 70 మంది అమ్మాయిలకి మధ్యాహ్నం కునుకు ముందు 13 నిమిషాల ఆడియో వినిపించారు. సముద్రంలో లోతుకి, ఇంకా లోతుకి ఈదే చేపని ఊహించుకోమంటుంది అది. సూచనలకి తేలిగ్గా లోనయ్యేవాళ్ళకి, మామూలు ఆడియో విన్నప్పటి కంటే గాఢనిద్ర సుమారు 80 శాతం పెరిగింది. లోనుకానివాళ్ళకి లాభం లేదు. పైగా వీళ్ళెవరూ నిద్రలేమి రోగులు కాదు, అది గుర్తుంచుకోవాలి.

నిద్రలేమికి ముందు ఇవ్వాల్సింది సీబీటీ-ఐ అనే పద్ధతి అని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పింది. నిద్ర పట్టకపోతే మంచం దిగిపోవాలి, రోజూ ఒకే టైమ్‌కి లేవాలి. వినడానికి శిక్షలా ఉంటుంది గానీ నాకు పనిచేసింది. హిప్నాసిస్ దానికి తోడుగా బాగుంటుంది.

ఒక తప్పు చేయబోయాను. మా నాన్న గట్టిగా గురక పెడతారు, మధ్యలో ఊపిరి ఆగినట్టు అయ్యి ఉలిక్కిపడతారు. పగలు బండి మీద సిగ్నల్ దగ్గర కూడా తూగేవారు. ఆయనకీ ఆ ఆడియోనే పంపుదామనుకున్నా. కానీ అది స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు దారి మూసుకుపోతుంది, ఏ సూచనా దాన్ని తెరవలేదు. డాక్టర్ రాత్రంతా టెస్ట్ చేయించి సీప్యాప్ మెషిన్ రాశారు. ఇప్పుడు ఆయన మాస్క్ పెట్టుకుని పడుకుంటున్నారు. చెల్లి "పైలట్ నాన్న" అని పిలుస్తోంది.