వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల వరుసలోనే కాలేజీలు పెట్టేస్తానని నిన్న ఫోన్లో అన్నావు. తొందరపడకు తల్లీ. ఇరవై నాలుగేళ్లు డేటా స్ట్రక్చర్స్ చెప్పినదాన్ని, కాస్త నా మాట విను.

ఎన్ఐఆర్ఎఫ్ 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న జాబితా. నూరు మార్కుల్లో బోధనకు, వనరులకు 30, పరిశోధనకు 30, చదువు పూర్తయ్యాక పిల్లలు సాధించినదానికి 20, అన్ని వర్గాలకూ చోటిచ్చినందుకు 10, నలుగురిలో ఉన్న పేరుకు 10. అది ఇంజనీరింగ్ మొత్తానికి ఇచ్చే ర్యాంకు. సివిల్, మెకానికల్, నీకు కావలసిన సీఎస్ఈ, అన్నీ ఒకే కుప్పలో ఉంటాయి. ఇక పరిశోధన మంచిదే. కానీ ఫస్టియర్‌లో నీకు పాయింటర్లు అర్థంకాకపోతే కూర్చోబెట్టి చెప్పే మాస్టారు ఉన్నారో లేదో ఆ 30 మార్కులు చెప్పవు.

ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌నే చూడు. కంప్యూటర్ సైన్స్ తెలిసినవాళ్లను ఎవరినడిగినా ముందు చెప్పే పేర్లలో అదొకటి. 2024 ఇంజనీరింగ్ జాబితాలో మాత్రం తొలి నలభైలో లేదు. చిన్న సంస్థ, బ్రాంచీలు తక్కువ. విద్యార్థుల సంఖ్యకు కూడా మార్కులుండే లెక్కలో చిన్నవాళ్లు వెనకబడటం వింత కాదు.

అలాగని జాబితాను పక్కన పడేయకు. ర్యాంకు కోసం కాలేజీలు సమర్పించిన వివరాలు ఎన్ఐఆర్ఎఫ్ సైట్లోనే ఉంటాయి. వాటిని తెరువు. ఎంతమంది చేరారు, నాలుగేళ్లలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, పైచదువులకు ఎందరు వెళ్లారు, మీడియన్ జీతం ఎంత, అన్నీ కనిపిస్తాయి. ఉద్యోగాలొచ్చిన వాళ్లందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతమే మీడియన్. ఫ్లెక్సీ మీద వేసే హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కడిది. 300 మంది చేరి 120 మందికే ఉద్యోగాలొస్తే, ఆ మీడియన్ 120 మంది మధ్యదే, మిగతా 180 మందిది కాదు. అందుకే జీతం కన్నా ముందు తలలు లెక్కపెట్టు. అవి బీటెక్ బ్రాంచీలన్నీ కలిపిన అంకెలనీ, కాలేజీ స్వయంగా రాసిచ్చినవనీ మరిచిపోకు.

గుర్తింపుల దగ్గర కూడా జాగ్రత్త. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానిది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చేది. సీఎస్ఈకి ఉన్నంత మాత్రాన కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచికి ఉన్నట్టు కాదు.

నీకు ఇంతవరకూ చెప్పని సంగతొకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక కాలేజీకి తనిఖీ బృందం వచ్చే వారంలో, స్టాఫ్‌రూమ్‌లో మేమెప్పుడూ చూడని మనుషులు కనిపించారు. రిజిస్టర్లో మాత్రం వాళ్లు ఏడాదిగా పాఠాలు చెబుతున్నట్టే ఉంది. ఆ రోజు నేను నోరు మెదపలేదు. ఆ బాధ నన్నింకా వదల్లేదు. కాగితం మీది అంకెను చూసి పిల్లలు నాలుగేళ్లు తాకట్టు పెట్టకూడదని అప్పటినుంచీ అందరికీ చెబుతున్నాను.

అందుకే స్వయంగా వెళ్లి చూడు. ప్రిన్సిపాల్ గదిలో కాదు, క్యాంటీన్లో సెకండియర్ పిల్లల్ని అడుగు. ఈ సెమిస్టర్ పాఠం ఎవరు చెబుతున్నారు, మధ్యలో ఎందరు మారారు? ల్యాబ్‌లో ఒక్కొక్కరికీ ఒక సిస్టమ్ దొరుకుతుందా? ప్రోగ్రామ్ సొంతంగా రాస్తారా, సీనియర్ల రికార్డు దించేస్తారా? సీఎస్ఈకి సెక్షన్లెన్ని? ఒక్కో బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని బాగా నడిచే కాలేజీలకు, సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. సీట్లు పెంచినచోట మాస్టార్లు కూడా పెరిగారో లేదో పిల్లలకే తెలుస్తుంది.

పోయినేడు సీటు ఎంట్రన్స్‌లో ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కూడా చూడు. అయితే అది జనం ఎటు పరిగెత్తారో చెబుతుంది, అక్కడ చదువెలా ఉందో చెప్పదు. ఆప్షన్లలో నీకు నిజంగా కావలసినదే పైన పెట్టు. వస్తుందో రాదోనన్న భయంతో కిందికి దించకు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. నీ జాబితాలో ప్రతి కాలేజీ ఎదురుగా దాన్ని ఎందుకు కోరుకుంటున్నావో ఒక్క వాక్యం రాయి. ర్యాంకు తప్ప మరో కారణం తోచని కాలేజీకి గుర్తు పెట్టు. సెలవు రోజున కాదు, క్లాసులు జరిగే రోజున అక్కడికి మనిద్దరం కలిసి వెళ్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ