ఇటాలియన్ విందుకు ఎక్కడికెళ్లాలి?

ప్రశ్న: బోనకల్‌లో మా ఆఫీసువాళ్లం పదిహేను మందిమి. బదిలీపై వెళ్తున్న మేడమ్‌కు ఇటాలియన్ విందు ఇద్దామనుకుంటున్నాం. హోటల్ ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ఖమ్మం వెళ్లక తప్పదు. రాత్రి రైలును నమ్ముకోకుండా బండి మాట్లాడుకోండి. హోటల్‌కు ముందే ఫోన్ చేసి, బల్లలు కలిపి వేస్తారా, అందరికీ ఒకేసారి వడ్డిస్తారా అని అడగండి. పిజ్జా ఓవెన్ చిన్నదైతే సగం మంది తింటుంటే సగం మంది చూస్తూ కూర్చోవాలి. శాకాహారులుంటే చీజ్ సంగతీ తేల్చుకోండి. అసలైన ఇటలీ పార్మెజాన్‌కు పాలను దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. ఎండుమిర్చి, వెల్లుల్లి పడే అరాబియాటా పాస్తా మన నాలుకకు నప్పుతుంది. వైట్ సాస్ తక్కువే చెప్పండి, త్వరగా మొహం మొత్తుతుంది. బిల్లులో సర్వీస్ ఛార్జీ కనిపిస్తే తీసేయమనండి. 2022 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అది మీ ఇష్టం.