పోరుమామిళ్ల చెరువు, నీ ఎం.ఏ. చదువు

చిరంజీవియైన మనుమరాలికి మీ అబ్బ ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు నిన్న మాపటికి చేరినది. డిగ్రీ ముగియవచ్చినదనియు, ఇక బి.ఇడి.యో గ్రూప్సు కోచింగో అని ఇంటిలో తలకొక మాటగా నున్నదనియు, నీకు మాత్రము చరిత్ర, సాహిత్యము, నీళ్ల సంగతి, నేల సంగతి అన్నియు కలగలుపుగా చదువవలెనని యున్నదనియు వ్రాసితివి. అట్టి కలగలుపు చదువునకే పట్టమిచ్చు ఏర్పాటును అమెరికాలో వెస్లియను విశ్వవిద్యాలయమువారు 1953లో, అనగా మన కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియైన యేటనే, లిబరల్ స్టడీస్ అను పేర ఆరంభించిరి. మన చేరువలో ఆ పేరు వెదకి అలసిపోకుము. కడపలో 2006లో వెలసిన యోగివేమన విశ్వవిద్యాలయమున చరిత్రలోనో తెలుగులోనో చేరి, తక్కినవానిని నీవే దానికి కలుపుకొనవచ్చును. కర్నూలు విడువలేనన్నచో 2008 నాటి రాయలసీమ విశ్వవిద్యాలయమును గూడ విచారింపుము.

కాగితముపై అడుగునవి కొలదియే. డిగ్రీ పూర్తికావలెను, పీజీసెట్టు వ్రాయవలెను, 100 ప్రశ్నలు, 90 నిమిషములు. పిదప రెండేండ్లు, నాలుగు సెమిస్టర్లు, నూటికి 75 హాజరు. మున్ముందు అధ్యాపకత్వమునకై నెట్టు వ్రాయదలచినచో ఎం.ఏ.లో నూటికి 55, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ మొదలగువారికి 50 మార్కులుండవలెను. ఇది కడపటి సెమిస్టరులో పరుగెత్తి అందుకొను అంకె కాదు.

ఇక అసలు సంగతి. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు పోరుమామిళ్లలో చెరువు కట్టించి 1369లో వేయించిన శాసనమును గూర్చి వినియుందువు. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని, నీ ఎం.ఏ.కును రెండేండ్లే గదా! మంచి చెరువునకు పన్నెండు సాధనములను, ఆరు దోషములను ఆ శాసనము లెక్కించినది: నీటిశాస్త్ర మెరిగిన విద్వాంసుడు, గట్టినేల, తీయని నీటి యేరు, నిడుపైన రాళ్లు దొరకు గని, పనితెలిసిన జనము మొదలైనవి సాధనములు; కట్ట ఊరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరన పడుట, నీరు కొంచెమై విస్తీర్ణము మెండగుట మొదలైనవి దోషములు. ఆ శ్లోకములు తెలియుటకు సంస్కృతము, భాస్కరుడు తెలియుటకు చరిత్ర, కట్ట తెలియుటకు ఇంజనీరింగు, కూలి తెలియుటకు అర్థశాస్త్రము కావలెను. నీవు కోరు చదువు ఆ రాతిమీదనే యున్నది.

నీరు కొంచెము, విస్తీర్ణము మెండు అను దోషము నాకు స్వానుభవము. ఎం.ఏ.లో నా వ్యాసమునకు సీమ కరవులన్నిటిని విషయముగా గైకొని, పది పుస్తకములు ముందువేసికొని రెండువందల పుటలు నింపితిని. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన దానిని మూసి ప్రక్కన బెట్టి, "మీ ఊరి చెరువుకు తూములెన్ని నాయనా?" అని యడిగెను. ఆ చెరువులో ఈదులాడి పెరిగినవాడనయ్యు నోరు మెదపలేకపోతిని. సెలవులలో పోయి చూచితిని: రెండు. ఒకటి పూడిపోయి అందు జిల్లేడు మొలచియుండెను.

కనుక నీవు వ్యాసమునకు ఒక్క చెరువు, లేదా ఒక్క ఊరి కైఫీయతు, లేదా సుంకేసుల నుండి వచ్చు కె.సి. కాలువలో మీ పొలమునకు నీరిచ్చు ఒక్క పిల్లకాలువ మాత్రము చేపట్టుము. గైడు పెద్ద పేరు పెట్టుమనినచో పేరు పెద్దదిగానే పెట్టుకొని లోపల చిన్నదే వ్రాయుము. నేను ఎరిగినంతలో ఎవరును కాదనలేదు.

వచ్చే నెల కడపకు రమ్ము. ఎర్రముక్కపల్లెలో బ్రౌను దొర బంగళా ఉండిన తావున వెలసిన గ్రంథాలయమునకు తీసికొనిపోయెదను. సర్టిఫికెట్ల అసలులు ఇంట నుంచి జిరాక్సులు తెమ్ము. మీ జేజి నీకని కొర్రలు దంచి పెట్టినది. బయలుదేరక ముందు మీ చెరువుకట్ట యెక్కి తూములు లెక్కపెట్టుకొని రమ్ము. బస్సు దిగగానే అడిగెదను.

మీ అబ్బ