పట్టుకో చూద్దాం!

అడుగులు నేర్చే బిడ్డకు రెండు బారల దూరంలో తల్లి చేతులు చాచి కూర్చుంటుంది. "రా రా, నన్ను పట్టుకో చూద్దాం!" బిడ్డ తూలుతూ నాలుగడుగులు వేసి ఒళ్లో వాలుతుంది. తెలుగు పిల్లలకు ఎదురయ్యే మొదటి సవాలు బహుశా ఇదే. కాస్త పెద్దయ్యాక పొడుపుకథల్లో అది "చెప్పుకో చూద్దాం" అవుతుంది. కథ పొడిచి ఆ మాట అనకపోతే ఆట మొదలైనట్టే ఉండదు.

కిటుకంతా "చూద్దాం"లో ఉంది. తెలుగులో మేము వేరు, మనం వేరు. ఎదుటివాళ్లను కలుపుకుంటేనే మనం. "చూద్దాం" అచ్చంగా మనం మాట. ఒకరు తీర్పరిగా గట్టున కూర్చుని చూడటం కాదు, ఇద్దరూ కలిసి చూడటం. అదే క్రియను కొద్దిగా తిప్పి "నీ సంగతి చూస్తా" అంటే బెదిరింపు అయిపోతుంది. ఆటకూ తగవుకూ మధ్య దూరం ఒక్క ప్రత్యయమే.

"దమ్ముంటే పట్టుకో" అన్నప్పుడు గాలి మారుతుంది. దమ్ము పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, అసలు అర్థం ఊపిరి. మూతకు పిండి మెత్తి ఆవిరి బయటికి పోకుండా వండే దమ్ బిర్యానీలో ఉన్నదీ అదే. ఊపిరి, ధైర్యం అనే రెండు అర్థాలూ కలిసే చోటు కబడ్డీ బరి. కూతకు వెళ్లినవాడు అవతలి జట్టు సగంలోకి ఒంటరిగా దిగుతాడు. అక్కడ ఏడుగురు దాకా కాచుకుని ఉంటారు. తిరిగి గీత తాకేదాకా "కబడ్డీ కబడ్డీ" ఆగకూడదు. ఇప్పటి పోటీల్లో ఒక్కో కూతకు గడువు 30 సెకన్లు. గొంతు ఆగకపోవడమే అతడు మళ్లీ ఊపిరి పీల్చలేదనడానికి సాక్ష్యం. "దమ్ముంటే పట్టుకో" అని కవ్వించేవాడు ముందు తన దమ్మునే పణంగా పెడుతున్నాడన్నమాట. దొరికితే ఔటయ్యేది తనే. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగ్ "లే పంగా" అనే హిందీ కవ్వింపును నినాదంగా ఎంచుకోవడం ఈ ఆటకు బాగా నప్పింది.

బరి దాటాక మాట తలకిందులైంది. "దమ్ముంటే రాజీనామా చెయ్", "దమ్ముంటే చర్చకు రా" అని సభల్లో వినిపించేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సింది ఎదుటివాడు. 2012లో ఎన్టీఆర్ కథానాయకుడిగా బోయపాటి శ్రీను తీసిన సినిమాకు "దమ్ము" అనే పేరు పెట్టారంటే ఆ మాటకున్న గిరాకీ తెలుస్తుంది. తెరమీద ఫరవాలేదు. స్నేహితుల గుంపులో "దమ్ముంటే బండి హ్యాండిల్ వదిలెయ్" అన్నప్పుడే భయం. అన్నవాడికి పోయేదేమీ ఉండదు, ఎముకలు విరిగేది విన్నవాడికి.

ఈ బలహీనతను రాబర్ట్ జెమెకిస్ "బ్యాక్ టు ది ఫ్యూచర్" చిత్రాల్లో చక్కగా పట్టుకున్నాడు. 1989లో వచ్చిన రెండో భాగంలో మార్టీ అనే కుర్రాడికి "పిరికివాడు" అన్న మాట వినబడితే ఒళ్లు తెలియదు. ఆ మాటకే రెచ్చిపోయి కారు పందేనికి దిగి, ప్రమాదంలో చెయ్యి దెబ్బతిని, సంగీతానికి దూరమైన భవిష్యత్తు అతని కోసం కాచుకుని ఉందని మనకు తెలుస్తుంది. 1990 నాటి మూడో భాగం చివర అదే పందెం ఎదురవుతుంది. సిగ్నల్ మారగానే అతడు కారును ముందుకు కాక వెనక్కి పోనిస్తాడు. తను వెళ్లి ఉంటే గుద్దుకునే కారు అప్పుడే పక్కదారి నుంచి వస్తుంది. మూడు సినిమాల్లో అతడు చేసిన సాహసాలన్నిటికన్నా ఆ వెనకడుగే గొప్పది.

అంటే సవాళ్లు విసరొద్దనా? కానేకాదు. తిరుపతి వెంకట కవులుగా పేరొందిన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి మీసాలు పెంచడమే ఒక సవాలు. అప్పటి పండితులకు మీసం తప్పు. ఆ సంగతి తెలిసే పెంచామని, కవిత్వంలో తమను గెలిచినవారికి మీసాలు తీసేసి మొక్కుతామని పద్యంలోనే చాటారు. ఎదుటివాడి మీసం అడగలేదు, తమ మీసాన్నే ఒడ్డారు. శతావధానంలో వందమంది పృచ్ఛకుల ముందు కూర్చుని ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. పరువు పణంగా పెట్టినవాడి పొగరులో ఒక అందం ఉంటుంది. దాన్ని అహంకారమని కొట్టిపారేయలేం.

2014 వేసవిలో ప్రపంచమంతా నెత్తిన మంచునీళ్లు గుమ్మరించుకుని ఇంకొకరిని పిలిచే ఐస్ బకెట్ ఛాలెంజ్‌లో మునిగింది. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు పరిశోధనకు విరాళాల కోసం సాగిన ఆ వేడుకలోనూ మొదట తడిసేది పిలిచినవాడే. ఆగస్టులో హైదరాబాద్‌కు చెందిన ఓ పాత్రికేయురాలు దాన్ని మనకు తగ్గట్టు మార్చి రైస్ బకెట్ ఛాలెంజ్ అన్నారు. నీళ్ల బదులు బియ్యం, నెత్తిన పోసుకోవడానికి బదులు అక్కరున్నవారి చేతికివ్వడం. ముందుగా తనే ఓ బకెట్ బియ్యం ఇచ్చి, ఫొటో పెట్టి, ఆ తర్వాతే "మీరూ ఇవ్వండి" అన్నారామె. చూసినవాళ్లు వంటింట్లోకి వెళ్లి బకెట్ వెతుక్కోవడం మొదలుపెట్టారు.