ఇంటి పిల్లి: పోషణ, ఆరోగ్యము, ఖర్చు

రైతు తన పశుసంపదను లెక్కించునపుడు ఆవులను, గేదెలను, మేకలను, కోళ్లను చెప్పును గాని పిల్లిని చెప్పడు. పిల్లి తనంతట తాను వచ్చినది, తనంతట తాను బ్రతుకునని మన తలంపు. పిసినారిని గూర్చి “పిల్లికి కూడ బిచ్చము పెట్టడు” అందుము. ఈ మాటలోనే పిల్లికి మనమిచ్చు స్థానము తెలియుచున్నది. కాని గాదెలోని ధాన్యమునకు కాపలా కాయునది పిల్లియే. పిల్లలు ఒడిలో కూర్చుండబెట్టుకొని ఆడుకొనునదియు అదియే. దానికి రేబిస్ సోకినచో మొదట అపాయము కలుగునది ఆ పిల్లలకే. కావున పిల్లి పోషణ ఒక్క ఇంటి ముచ్చట గాక, గ్రామమంతయు ఆలోచింపదగిన విషయము.

ఈ పాఠమున మేము చెప్పదలచినది ఒక్కటే: పిల్లిపై ఏటేట చేయు స్వల్పమైన ఖర్చు, అకస్మాత్తుగా వచ్చిపడు పెద్ద ఖర్చును తప్పించును. ఆ స్వల్పమైన ఖర్చును గూడ గ్రామము ఒక్కటిగా పూనుకొన్నచో మరింత తగ్గించుకొనవచ్చును.

ఆకలిగొన్న పిల్లియే ఎలుకలను పట్టునా?

“అన్నము పెట్టినచో పిల్లి ఎలుకలను పట్టదు” అని అనేకులు నమ్ముదురు. ఇది సరికాదు. వేటాడుట పిల్లికి స్వభావము. కడుపు నిండినను అది వేటాడును. ఆకలిగొన్న పిల్లి ఆహారమునకై ఊరెల్ల తిరుగును. తిండి దొరకు పిల్లి ఇంటిని కనిపెట్టుకొని యుండును. ఛార్లెస్ ఎల్టన్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని వ్యవసాయ క్షేత్రములలో పరిశీలించి 1953లో ఈ విషయమును ప్రకటించెను. మొదట ఇతర ఉపాయములచే ఎలుకలను తొలగించి, పిమ్మట పిల్లులకు ఇంటి యొద్దనే కొంత ఆహారమిచ్చుచు వచ్చినచో, అవి ఆ చోటికి ఎలుకలు మరల చేరకుండ కాపాడగలిగినవి. అప్పటికే ఎలుకలు నిండియున్న చోట పిల్లులు మాత్రమే చాలవనియు తేలినది. పందికొక్కుల వంటి పెద్దవాటి జోలికి పిల్లి సాధారణముగా పోదు. వాటికి బోనులును, గట్టి గచ్చును అవసరము.

ఆహారము

పిల్లి మాంసాహారి. కుక్కవలె అన్నముతో సరిపెట్టుకొనలేదు. టారిన్ అను పోషక పదార్థము దానికి మాంసము, చేపల వలననే లభించును. అది చాలనిచో క్రమముగా చూపు పోవును, గుండె కండరము బలహీనమగును. పాలన్నము, పెరుగన్నము మాత్రమే తిను పిల్లి పైకి బొద్దుగా కనిపించినను లోపల బలహీనపడుచుండును. పెరిగిన పిల్లులలో అనేకములకు పాలు జీర్ణము కావు, విరేచనములు కలుగును.

నాలుగు కిలోల బరువుగల పిల్లికి రోజుకు 200 నుండి 250 కేలరీల ఆహారము కావలెను. ఒక చిట్టెలుక వలన సుమారు 30 కేలరీలు, ఒక కోడిగ్రుడ్డు వలన సుమారు 70 కేలరీలు లభించును. కేవలము వేటపై బ్రతుకవలెనన్న రోజునకు ఏడెనిమిది చిట్టెలుకలు కావలెను. ఇది ప్రతి దినము సాధ్యము కాదు. కావున రోజుకు సుమారు 100 గ్రాముల చేపలు గాని కోడిమాంసము గాని ఉడికించి, కొద్ది అన్నముతో కలిపి, రెండు పూటలుగా పెట్టవలెను. కోడి గుండెకాయలు మిక్కిలి మంచివి. ఉడికించిన నీటిలోనికి టారిన్ దిగును గనుక ఆ నీటిని పారబోయక అన్నములో కలుపవలెను. ఎముకలు, ముండ్లు తీసివేయవలెను. కాలేయము వారమునకు ఒకటి రెండు మారులకు మించరాదు. ఉప్పు చేపలు, ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరలు పెట్టరాదు; ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణములను నశింపజేయును. మంచినీరు ఎల్లప్పుడు అందుబాటులో నుండవలెను.

ఇంటిలోని విషములు

మనుష్యుల జ్వరమునకు వాడు పారాసిటమాల్ పిల్లికి విషము. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పెద్ద పిల్లినైనను చంపగలదు. కుక్కల గోమార్లకు వాడు కొన్ని మందులలో పెర్మెత్రిన్ ఉండును. అదియు పిల్లికి ప్రాణాపాయకరమే. పశువైద్యుడు చెప్పని మందు ఏదియు వాడరాదు.

అన్నిటికంటె పెద్ద అపాయము ఎలుకల మందు. వరి పొలములలో సామూహికముగా ఎలుకల నిర్మూలన జరుపునపుడు బ్రోమాడియొలోన్ కలిపిన ఎరలు పెట్టుదురు. ఆ ఎర తిన్న ఎలుక వెంటనే చావక కొన్ని దినములు మందకొడిగా తిరుగును. అట్టి ఎలుకను పట్టుట పిల్లికి సులభము. దానిని తిన్న పిల్లికి రెండు మూడు దినముల తరువాత ముక్కునుండి, చిగుళ్లనుండి రక్తము కారవచ్చును, ఆయాసము రావచ్చును. దీనికి కె1 విటమిన్ చికిత్స కలదు; కాని ఆలసింపక, కొన్ని వారములు ఇయ్యవలెను. జింకు ఫాస్ఫైడునకు విరుగుడే లేదు. పిల్లులు చచ్చిన గ్రామమున, మిగిలిన ఎలుకలు త్వరలోనే తిరిగి వృద్ధి చెందును. అనగా రైతు మందు ఖర్చును, కాపలాదారును ఒక్కసారిగా పోగొట్టుకొనుచున్నాడు.

టీకాలు, నట్టల మందు, శస్త్రచికిత్స

పిల్లికూనకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన గడువున, సాధారణముగా ఏటేట, తిరిగి వేయించవలెను. ఎనిమిది వారముల వయస్సు మొదలు మూడు అంటువ్యాధులకు కలిపి వేయు టీకా వేరుగా కలదు. అందులో పాన్‌ల్యూకోపీనియా అనునది వాంతులు, విరేచనములతో కూనలను కొలది దినములలోనే చంపునట్టిది. పెద్ద పిల్లికి మూడు నెలలకొకమారు నట్టల మందు త్రాగించవలెను. కూనలకు మరింత తరచుగా ఇయ్యవలసియుండును.

ఆడపిల్లి అయిదారు నెలల వయస్సుననే చూలు కట్టవచ్చును. సుమారు 63 దినములకు ఈనును. ఏటికి రెండు మూడు ఈతలు, ఈతకు మూడు మొదలు అయిదు కూనలు. నాలుగేసి చొప్పున మూడు ఈతలకు పండ్రెండు కూనలు! వాటికి తిండి, టీకాలు ఎవరు పెట్టుదురు? గోనెసంచిలో కట్టి ఊరి వెలుపల విడిచిపెట్టు దురాచారము ఇందువలననే కలుగుచున్నది. ఇది జీవకారుణ్యమునకు విరుద్ధము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. జీవితమున ఒక్కమారు చేయించు శస్త్రచికిత్స ఈ ఖర్చును, పాపమును రెండింటిని తప్పించును. గండుపిల్లికి చేయించినచో కొట్లాటలు, పుండ్లు తగ్గును.

వెంటనే వైద్యుని చూడవలసిన గుర్తులు

పిల్లి రెండు దినములు ఏమియు తినకున్న ఉపేక్షింపరాదు, కాలేయము చెడును. గండుపిల్లి మూత్రమునకై మాటిమాటికి కూర్చుండియు విసర్జింపలేకున్న, ఆనాడే వైద్యునికి చూపవలెను. మరునాటికి ప్రాణము దక్కకపోవచ్చును. నోరు తెరచి రొప్పుట, పలుమారు వాంతులు, రక్తము కారుట కూడ ఇట్టివే. మూతగల వెదురుబుట్టలో గుడ్డపరచి తీసికొనిపోయినచో పిల్లి బెదరదు, రక్కదు.

మన ఆరోగ్యము

రేబిస్ లక్షణములు బయటపడిన తరువాత బ్రతుకుట దాదాపు అసాధ్యము. కుక్క కరచిన పిల్లి వలన ఆ వ్యాధి మనకు సోకవచ్చును. పిల్లి కరచినను, రక్తము వచ్చునట్లు రక్కినను, గాయమును సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, ఆకుపసరు పెట్టరాదు. ఆనాడే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. టీకాను చర్మములో వేయు పద్ధతిలో మొదటి దినము, తరువాత 3, 7, 28వ దినములలో మొత్తము నాలుగు మారులు వేయుదురు. గాయము తీవ్రమైనచో గాయములోనే మరియొక మందు ఎక్కించుదురు. కరచిన పిల్లిని 10 దినములు కనిపెట్టి చూడవలసినదే. కాని దానికై మొదటి టీకాను ఆపరాదు.

పిల్లి మలము వలన టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి వ్యాపించును. అది గర్భస్థ శిశువునకు హానికరము. మలములోని ఆ జీవికి అంటు శక్తి వచ్చుటకు ఒక దినమైనను పట్టును గనుక ప్రతి దినము మలమును తీసి పూడ్చివేయవలెను. ఆ పనిని గర్భవతులు చేయరాదు. పిల్లలు ఆడుకొను ఇసుకకుప్పను కప్పి యుంచవలెను.

ఖర్చు లెక్క

ధరలు ఊరికొక తీరుగా నుండును గనుక పరిమాణములను మాత్రమే చెప్పుచున్నాము. ధరలను సభ్యులు తమ ఊరి లెక్క ప్రకారము వేసికొనవలెను.

నెలసరి: చేపలు లేక కోడిమాంసము 3 కిలోలు. కోడి గుండెకాయలు, చిన్న చేపలు కొన్నచో ఇది చౌకగా జరుగును.

ఏటేట: రేబిస్ టీకా ఒకటి, నట్టల మందు నాలుగు మారులు, అంటువ్యాధుల టీకా వైద్యుడు చెప్పిన గడువున.

జీవితమున ఒక్కమారు: శస్త్రచికిత్స.

అనుకోని ఖర్చు: విషచికిత్స, మూత్రబంధము, గాయములు. పై మూడింటిని అశ్రద్ధ చేసినచో పెరుగునది ఈ నాలుగవదే. మనిషిని పిల్లి కరచినపుడు టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా దొరకినను, నాలుగు దినముల కూలియు, బస్సు ఖర్చును పోవును. ఈ నష్టమును పిల్లికి వేయు ఒక్క టీకా ఖర్చుతో పోల్చి చూడుడు.

పంచాయతీ చేయదగినది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో పశుసంవర్ధనము కలదు. సభ్యులు మూడు పనులు చేయవచ్చును.

మొదటిది: జులై 6వ తేదీ, జంతువుల వలన మనుష్యులకు సోకు వ్యాధులను గూర్చిన ప్రపంచ దినము. 1885లో ఆనాడే పాశ్చర్ ఒక బాలునికి రేబిస్ టీకా మొదటిమారు వేసెను. ఆ దినమున పశువైద్యశాలలలో కుక్కలకు ఉచిత టీకా శిబిరములు జరుగుట పరిపాటి. పశువైద్యునికి ముందుగా వ్రాసి, పిల్లులకు గూడ టీకాలు సిద్ధపరచునట్లు కోరవలెను. ఎన్ని పిల్లులు కలవో వార్డుల వారీగా లెక్క తీసి ఇచ్చినచో మందు వృథా కాదు.

రెండవది: ఎలుకల మందు పెట్టుటకు ముందు దండోరా వేయించి, ఆ దినము మొదలు కొన్ని దినములు పిల్లులను ఇండ్లలో నుంచునట్లు చెప్పవలెను. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్పించవలెను.

మూడవది: శస్త్రచికిత్సలకు నాలుగైదు ఇండ్లవారు కలిసి ఒకే బండిలో పిల్లులను తీసికొనిపోవునట్లు ఏర్పాటు చేయవలెను. దారి ఖర్చు పంచుకొన్నచో భారము కాదు.

సభలో చర్చించుటకు

1. మన వార్డులో ఎన్ని పిల్లులు కలవు? వానిలో ఎన్నింటికి టీకా వేయబడినది?

2. గడచిన పంటకాలమున ఎలుకల మందు వలన ఎన్ని పిల్లులు చచ్చినవి?

3. పిల్లి కరచినవారు తప్పక టీకా వేయించుకొనునట్లు చూచు బాధ్యత ఏ సభ్యునిది?

ఈ మూడు ప్రశ్నలకు జవాబులు పుస్తకములో వ్రాసియుంచి, వచ్చు గ్రామసభలో చదివి వినిపించవలెనని సభ్యులను కోరుచున్నాము.